టిక్కా, టక్కా

శబ్దం వస్తోంది అంటే ఒప్పుకోడు అంబ్రోసి.
"శబ్దం అన్నింటికీ వస్తుంది. నీకూ వస్తుంది.
టిక్కా, టక్కా, అది చెప్పు."

టిక్కయితే ట్యాపెట్లు, నూనె పోసుకుని ఇల్లు చేరొచ్చు.
టక్కయితే లోపల బేరింగు పోయినట్టు,
తాళం తీసేసి దూరంగా నిలబడాలి.

అతని కుడి చెవి పోయి పదకొండేళ్ళు.
ఎడమది ఈ చలికాలం నుంచి
సగం జీతానికి పనిచేస్తోంది.
అందుకని కుతాయిసిలో, రియోనీ ఒడ్డున, ఈ రేకుల షెడ్డులో
నా ఉద్యోగం వినడం.
స్పానర్లు కడగడం, టీ పెట్టడం ఆ తర్వాత.

ఇవాళ తాడు కట్టి లాక్కొచ్చారు ఓ ఓపెల్‌ని.
చనిపోయిన పళ్ళ డాక్టరుది.
ఆరేళ్ళు అక్రోటు చెట్టు కింద నిలబడి
తన రంగేదో తనే మరిచిపోయింది.
కొన్నావిడ ఎతేరి, బజార్లో చీజ్ అమ్ముతుంది.
"బంగారంలా ఉందన్నారు" అంది,
అని తనే నవ్వింది.

బానెట్ ఎత్తితే సాలెగూళ్ళు.
గాలి ఫిల్టరు డబ్బాలో ఎలుకలు దాచుకున్న అక్రోట్లు,
లెక్కపెట్టాను, ముప్ఫైఏడు.
అంబ్రోసి ఒకటి పగలగొట్టి నోట్లో వేసుకుని
"మక్కలేదు" అన్నాడు.
పెట్రోలు మాత్రం మక్కింది.
ట్యాంకు మూత తీయగానే పాత వార్నిష్ వాసన.
మొత్తం ఒంపేశాం. ప్లగ్గులు విప్పి
ఒక్కో సిలిండర్లో నాలుగు చుక్కల నూనె వేసి
ఇంజన్‌ని స్పానర్‌తో నెమ్మదిగా తిప్పాడు,
తిమ్మిరెక్కిన కాలిని రుద్దినట్టు.

కొత్త బ్యాటరీ. తాళం తిప్పాడు.
గురగుర. గురగుర. ఖళ్ళు ఖళ్ళు.
ఆ తర్వాత ఒళ్ళంతా ఊగిపోతూ
డగ్ డగ్ డగ్

డగ్ డగ్ డగ్

"ఏమంటోంది?"
"కుంటుతోంది బాబాయ్. మూడు అడుగులు, ఒక ఖాళీ."
"ఆ ఖాళీ ఎక్కడుంది?"

ప్లగ్గు వైర్లు ఒకటొకటే లాగాను.
మొదటిది లాగితే ఇంజను విలవిల్లాడింది.
రెండోదీ, నాలుగోదీ అంతే.
మూడోది లాగితే
ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

నిప్పు ఉంది. పెట్రోలు అందుతోంది. ఊపిరే నిలవడం లేదు.
గేజీ బిగించి చూస్తే
పన్నెండు, పన్నెండు, నాలుగు, పదకొండున్నర.
చెంచాడు నూనె పోసి మళ్ళీ చూస్తే అదే నాలుగు.
"రింగులు కావు" అన్నాడు,
ఎవరినో నిర్దోషిగా వదిలేసినట్టు.

పిస్టన్‌ని పైకి తెచ్చి, ప్లగ్గు బొక్కలోంచి గాలి కొట్టాడు.
"పరుగెత్తు. ఎటు బయటపడుతోందో విను."
నూనె మూత దగ్గర ఏమీ లేదు.
రేడియేటర్లో బుడగ లేదు.
గాలి డబ్బాలో అక్రోటు వాసన తప్ప ఇంకేం లేదు.
వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూలబడి
పొగ గొట్టానికి చెవి ఆనించాను.
సన్నగా, ఆగకుండా,
నిద్రలో మా అమ్మ పళ్ళ సందుల్లోంచి వదిలే గాలి.

"బుస్సా, తుస్సా?" ముందు నుంచి అరిచాడు.
"బుస్సు కాదు. తుస్సూ కాదు. ఉస్సురంటోంది!"

అది అతనికి చాలలేదు.
తనే వచ్చి గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి
కళ్ళు మూసుకుని
నా కాళ్ళు తిమ్మిరెక్కేదాకా అలాగే ఉన్నాడు.
"ఎగ్జాస్ట్ వాల్వు. తుప్పు పట్టి మూసుకోవడం లేదు.
హెడ్డు విప్పాలి."

ఇంతలో రేకుల మీద వాన.
అతను తలెత్తలేదు.
చెబుదామా అనుకున్నాను.
చెబితే టిక్కా టక్కా అంటాడు,
ఇది రెండూ కాదు,
దీనికి నేనింకా మాట వెతుక్కోలేదు.

గుమ్మంలో ఎతేరి,
చేతిసంచీ పొట్టకి అదుముకుని,
గొంతు గొంతులోనే ఉంచుకుని
"ఎంతవుతుంది?" అంది.

గట్టిగా చెబుదామని అతని చెవి దగ్గరికి వంగాను.
చెయ్యెత్తి ఆపాడు.
"వినపడింది. మూడొందలు."

ఆవిడ అదే గొంతుతో, అక్కడే నిలబడి,
"రెండు" అంది.

అది మాత్రం
వినపడలేదు.