బెత్తెడు

ఇంబ్రికేషన్.
పదకోశంలో నూట పన్నెండో మాట.
ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క ఖాళీ.
సోమవారంలోగా నింపి పంపాలి.

మొగ్గలో రేకలు ఒకదాని అంచు మీద ఒకటి
ఒరిగి పడుకునే తీరు, అని రాశాను.
వివరణ కాదు మేడం, మాట కావాలి
అన్నాడు ఫోన్లో ప్రెస్సు పిల్లగాడు.
పొలుసుకట్టు అని రాసి కొట్టేశాను,
కాగితం చేపల మార్కెట్ వాసనేసింది.
అలుగు అని రాశాను.
ఏటూరునాగారం అడవిలో
ఒళ్లంతా పెంకులు కప్పుకుని
ముట్టుకుంటే ఉండ చుట్టుకునే జీవి.
కానీ ఆ మాటలోనే చెరువు నిండి పొర్లుతుంది,
ఆ మాటలోనే ఎవరో మూతి ముడుచుకుని అన్నం మానేస్తారు.
ఇంత ఇరుకు గడిలో ముగ్గురెట్లా పడతారు?

అప్పుడే నెత్తి మీద టకటక.
రోహిణి కార్తె చివర, గిర్మాజీపేట సందులో,
మా కిరాయింటి పెంకలు సదరడానికి
కుమ్మరి ఓదెలు ఎక్కాడు.
కింద వాసం ఉన్న చోటు చూసి అడుగేస్తాడు.
ఉత్త పెంక మీద కాలు మోపితే
అది అరుస్తదట.

"ఒక సాలు ఎల్లెలకల, ఒక సాలు బోర్ల.
కిందిది నీళ్లు పట్టాలె, మీదిది ఇడిపెట్టాలె.
పైది కిందిదాన్ని బెత్తెడు ఎక్కాలె మేడం.
తక్కువైతే ఇల్లు కురుస్తది.
ఎక్కువైతే వాసం కుంగుతది, పైసలు దండుగ."
ఆ ఎక్కుడును ఏమంటరు?
"ఏమంటరు? బెత్తెడంటరు."

నిచ్చెన నాలుగో మెట్టు మీద నిలబడి
నేను అందుకున్న మొదటి పెంక:
మూడు వంతులు నలుపు, పాచి,
పిల్లులు నడిచిన నున్నదనం, అరవై వానలు.
పై అంచున బెత్తెడు మాత్రం
నిన్ననే ఆవంలోంచి తీసినంత ఎరుపు.
ఇంకోదాని కింద తలదాచుకున్న మేర
దానికింకా వయసు రాలేదు.

ఆ ఎరుపులో ఒక వేలి గుర్తు.
ఓదెలు కండువాతో తుడిచి చూశాడు.
"మాయమ్మ చెయ్యి.
నాయిన సారె మీద గొట్టం లెక్క తీసి
పచ్చి మీదనే తీగతోని నిలువునా కోసెటోడు.
అమ్మ తడిచేత్తోని అంచు దిద్దేది.
గొట్టానికి రెండు పెంకలు, కవల పిల్లలు.
ఈ ఇల్లు కప్పిననాడు నేను కడుపుల ఉన్ననట."

మరి దీని జోడీ?
"ఈడనే ఉంటది" అన్నాడు
ఇంటి కప్పంతా ఒకసారి చూసి.
కాసేపాగి, "ఏ ఇంటి మీదనో."

తన బొటనవేలు ఆ గుర్తులో పెట్టాడు.
పట్టలేదు.
అరవై ఏళ్ల కొడుకు వేలు
పంతొమ్మిదేళ్ల తల్లి వేలి కన్నా మొద్దు.
అయినా తియ్యలేదు, కొంచెం సేపు.
తర్వాత బీడీ.
గాలికి మూడు పుల్లలు ఆరిపోయాయి.

పగిలినవి పదమూడు.
కొత్తవి ఇప్పుడెవరూ చెయ్యరు.
హసన్‌పర్తిలో కూలగొట్టిన ఇంటివి
ఆటోలో వేసుకొచ్చాడు.
వాటి వంపు వేరు, మట్టి వేరు,
ఒకదాని మీద సున్నంతో ఎవరిదో ఫోన్ నంబరు.
వాటినీ మధ్య మధ్య ఇరికించాడు.

అమ్మ పెంక అడుగుతాడనుకున్నాను,
ఇచ్చేద్దామనే అనుకున్నాను.
అడగలేదు.
ఉన్న చోటే బోర్లించి
గుర్తు మీదికి పై పెంకను జరిపాడు,
చలికి పిల్ల చెవుల మీదికి దుప్పటి లాగినట్టు.
"ఇది తీస్తే ఇల్లు కురుస్తది మేడం."

సోమవారం ఒక మాట పంపాను.
సరైంది కాదు.
అచ్చులో బాగానే కనిపిస్తుంది,
పిల్లలకు మార్కులూ పడతాయి.

మంగళవారం రాత్రి మొదటి వాన.
ఒక్క చోట కురిసింది,
వంటింట్లో, ఉప్పు డబ్బా పక్కన.
గిన్నె పెట్టి పడుకున్నాను.
ఓదెలుకు ఫోన్ చెయ్యలేదు.