ఎనిమిదో పాయ

ముమ్మిడివరం పోస్టాఫీసులో
నేను సంచి మోసే రోజుల్లో
మద్రాసు నుంచి ఓ మనియార్డరు వచ్చేది
ఏ మూణ్ణెల్లకో, ముప్పై రూపాయలు.
చేరవలసినవారు: శ్రీ నత్తగొట్టు కొంగ గారు.

నవ్వకండి.
పోస్టుమాస్టరు సోమయాజులుగారు నవ్వలేదు.
కళ్లజోడు తుడుచుకుని
"కొంగ చేత సంతకం ఎలా పెట్టిస్తావోయ్" అన్నారు.

ఆ కొంగ రాసిన పుస్తకం
అప్పటికే మా పెద్దాడి తలగడ కింద అట్ట ఊడి ఉంది.
గోదారికి ఏడు పాయలని బళ్లో చెప్తారు కదా,
అందులో ఎనిమిదోది ఉంటుంది.
పెద్దాళ్ల కాళ్లకి దాని తడి తగలదు.
లోకంలో పోయినవన్నీ అక్కడికి కొట్టుకొస్తాయి:
బలపాలు, పాలపళ్లు,
ఓ గేదె మెళ్లో గంట, మోగుతూనే.
ఇంకో కథలో జిబ్బరాయి,
ఎవరేం మాట్లాడినా చివరి మాట తినేసే భూతం.

చిరునామా పట్టుకుని వెళ్తే
టెలిఫోను ఎక్స్ఛేంజి.
చెవులకి హెడ్‌ఫోను, చేతిలో రెండు తీగలు,
గెద్దాడ ఎస్తేరు.
"నంబర్ ప్లీజ్" తప్ప
ఆవిడ నోట మరో మాట విన్నవాళ్లు లేరు ఊళ్లో.

"ఆ పక్షి ముక్కు చూశారా?
నత్తల్ని ఒలిచీ ఒలిచీ మధ్యలో సందు.
పూర్తిగా మూసుకోదు. నా నోరూ అంతే, లోపల."

సొంత పేరే వేసుకోవచ్చు కదమ్మా, అన్నాను.
ఒక ప్లగ్గు పీకి, ఇంకోటి గుచ్చి అంది:
"పేరు చెప్తే ఇంటిపేరడుగుతారు.
అదీ చెప్తే పేట అడుగుతారు.
కొంగనెవరడుగుతారండి?"

ఫారం మీద కొంగ బొమ్మ గీసిచ్చింది.
"ఎవరోయ్ ఈ పండితుడు?" అన్నారు సోమయాజులుగారు.
లంకలో ఉంటారండి, అన్నాను.
ముద్ర కొట్టేశారు.

ఆవిడ పోయి పదకొండేళ్లు.
పుస్తకం అడిగితే ఎవరి దగ్గరా లేదు.
మొన్న కాట్రేనికోనలో, రొయ్యకి తెల్లమచ్చ తగిలి
చెరువు పోగొట్టుకున్న కుర్రాడు
మేత కొట్టు ముందు నిలబడి
"మొత్తం ఎనిమిదో పాయలో కలిసిందండి" అన్నాడు.
కొట్టాయన అర్థం అడగలేదు. ఖాతా మూశాడు.
ఎమ్మార్వో ఆఫీసులో నా ఫైలూ అక్కడే ఉందిట, సోమవారం రమ్మన్నారు.
పంటు మీద చిల్లర ఎగ్గొట్టి నసుగుతున్న వాణ్ణి
"జిబ్బరాయి పట్టిందేట్రా" అని నిలదీసింది చేపల తట్టావిడ.
ఎస్తేరుగార్ని అరుగెక్కనివ్వని వీధిలో
ఆ మాట అరుగు మీదే కాళ్లు చాపుకుని కూచుంది.

అమలాపురం సభలో ఓ లెక్చరరుగారు
అది రాజులనాటి నుడికారమని తేల్చేశారు.
వెనక వరసలోంచి లేచాను.
"కాదండీ. మా ఊరావిడ పుట్టించిన మాట."
ఆయన మర్యాదగానే పెన్ను తీశారు.
"అలాగా! ఇంటిపేరు?"
నత్తగొట్టు వారండి.
"ఎప్పుడూ వినలేదే. ఏ పేట?"

ఎనిమిదో పాయ, ఎడమ గట్టండి, అన్నాను.

రాసుకున్నారు.