బిల్లు నంబరు నూట పద్దెనిమిది

చిట్టినగర్ కొండమీద
నూట నలభయ్యో మెట్టు పక్కన మా ఇల్లు.
వెనక గోడ ఇటుక కాదు, బండ.
మా నాన్న కొండనే కాస్త చెక్కించి సున్నం కొట్టించాడు.
ఎండాకాలం అది రాత్రి రెండింటిదాకా వేడి కక్కుతుంది.
ఇక రేడియో సంగతి అడక్కండి.
పల్లవి వస్తుంది, చరణం కొండ మింగేస్తుంది.
"బ్యారేజీ దగ్గర నీటిమట్టం" వరకు వింటాను,
ఎన్ని అడుగులో
ఏ వానాకాలమూ వినలేదు.

గవర్నరుపేట వెళ్లాను.
కుర్రాడు బల్లమీద వరసగా పరిచాడు.
కుందేలు చెవుల్లా రెండు పుల్లలు లేచేది,
అప్పడంలా గుండ్రంగా ఉండేది,
ప్లగ్గు పెడితే ఎర్ర లైటు వెలిగేది.
"ఇది తీసుకో బాబాయ్, బూస్టరు, పన్నెండొందలే."
ఆ "లే" దగ్గర నేను మెట్లు దిగాను.

వన్‌టౌన్ సందులో దానియేలు మేస్త్రీ
టంకం పొగలోంచి తలెత్తకుండానే అన్నాడు:
"గురకని పెద్దది చేస్తే పాటవుద్దా?
ముందు నీ మిషను మోటారు ఆపి విను.
తర్వాత ఆ చవక బల్బు పీకి విను.
అప్పటికీ బుసకొడితే
రెండు పేటల తీగ కొనుక్కో, మధ్యకి చీల్చు.
ఇటు ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలు, అటూ అంతే.
చేతులు బార్లా చాపి కిటికీ పక్కన కట్టు."
డబ్బులు తీసుకోలేదు.
ప్యాంటు జిప్పు పోయిందని మాత్రం గుర్తుచేశాడు.

ఇరవై తొమ్మిదిన్నర.
మెట్లెక్కుతున్నంతసేపూ నాలిక చివర ఆ అంకె.
ఇంటికొచ్చి కొలతల పుస్తకం తిప్పాను.
భుజంలో సగం ఎనిమిదిన్నర, చెయ్యి ఇరవై ఒకటి.
లేత నీలం చొక్కా.
సన్నటి కుర్రాడు, ఏదో ఇంటర్వ్యూ,
శుక్రవారానికి అర్జెంటు అన్నాడు.
గురువారం రాత్రి కూర్చుని కాజాలు చేత్తో కుట్టాను.
శుక్రవారం రాలేదు.
రెండేళ్లలో ఏ శుక్రవారమూ రాలేదు.

చేతుల లోపలి కుట్టు విప్పి తీగ దూర్చాను.
మెడ పట్టీ దగ్గర కలిపి
వీపు మీదుగా కిందికి దించాను.
కిటికీ పక్కన రెండు మేకులు, రెండు కఫ్‌లు.
హుసేన్‌బీ బియ్యం ఏరుతూ చూసింది.
"దిష్టిబొమ్మలా ఉంది.
ముప్పై ఏళ్లు మనుషులకి కుట్టి
ఇప్పుడు గోడకి తొడిగావు."

మొదట బుస.
కుడి చెయ్యి ఒక మేకు పైకి. బుస.
ఎడమ చెయ్యి నాలుగు వేళ్లు కిందికి, మోచెయ్యి కాస్త వంచి,
ఎవరో "ఆగు, చెప్తున్నాను" అన్నట్టు.
అప్పుడొచ్చింది ఆడగొంతు,
ఊపిరి తీసుకోవడం కూడా వినబడేంత దగ్గరగా:
నీటిమట్టం పన్నెండు అడుగులు.

పన్నెండట, అన్నాను.
పన్నెండా, అంది హుసేన్‌బీ, చేట కింద పెట్టి.
ఆ నీళ్లతో మా ఇద్దరికీ ఏం పనిలేదు.
అయినా కాసేపు అలాగే కూర్చున్నాం.

ఇప్పుడు వార్తలప్పుడు మోటారు ఆపి కాలితో తొక్కుతాను.
మోకాళ్లు తిడతాయి, పడతాను.
బేరానికొచ్చినవాళ్లు గోడవంక చూసి
కొత్త మోడలా అంటారు.
దిష్టిబొమ్మ అన్న మనిషే
తడిగుడ్డతో దాని కాలరు తుడుస్తోంది.
నిన్న నేను లేననుకుని దాన్ని అడిగింది:
"ఉద్యోగం వచ్చిందా, నాయనా?"

చీటీ ఇంకా జేబుకే గుచ్చి ఉంది.
వస్తే ఇచ్చేస్తాను, ఇంకొకరి సొత్తు.
తీగ లాగడానికి, కుట్టు మళ్లీ వెయ్యడానికి
పది నిమిషాలు.
కూర్చోమని టీ ఇవ్వాలి.
ఆ పది నిమిషాలూ ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు,
వాడే ఏదో ఒకటి మాట్లాడాలి.