పట్టాల లెక్క

శనివారం, పొద్దున్న ఏడు.
ఎల్ తోర్దో స్టేషనులో పదకొండుమందిమి,
పారలు నాలుగు, గడ్డపలుగు ఒకటి,
మాతే ఆకు కాచిన ఫ్లాస్కులు రెండు.
ముప్ఫై ఏళ్లుగా రైలు రాని చోట
గడ్డి పీకుతున్నాం.
పంపా మైదానంలో గడ్డికి సిగ్గులేదు,
పీకిన వారానికే మళ్లీ వచ్చి కూర్చుంటుంది
పిలవని పేరంటానికి వచ్చినట్టు.

ఓఫేలియా ఇర్యార్తేకి ఎనభై ఒకటి.
ఆమె మొగుడు ఇక్కడ తంతి గుమాస్తా.
వారం వారం స్టేషను గడియారానికి కీ ఇచ్చి
"లేటయింది, అంతే" అంటుంది.
ఎవరం నవ్వం.

బస్సు మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి.
వానొస్తే అదీ లేదు, మట్టిరోడ్డు చక్రాల్ని మింగేస్తుంది.
పోయినేడు వానల్లోనే నికాసియో కూతురు
ట్రాక్టరు తొట్టిలో కన్నది,
ఆస్పత్రికి తొమ్మిది కిలోమీటర్లు ఇవతల.
ఆ పిల్లకి పేరు పెట్టకముందే
మేం కమిటీకి పేరు పెట్టాం.

సంతకాలు ఐదువందల ఎనభై.
ఊళ్లో ఉన్నది నాలుగువందల డెబ్బై.
మిగతావి శ్మశానంలో పెట్టించారా అని
రాజధానిలో గుమాస్తా అడిగాడట.
మా అధ్యక్షుడు జుబెల్దియా టోపీ తీసి చెప్పాడట:
"లేదండీ, ఊరొదిలినవాళ్లవి.
పోయేటప్పుడు రైలుంది, రావడానికే లేదు."

మార్చిలో ఇంజనీరు వచ్చింది, ఎరికా హోల్త్‌మన్.
కొలిచే చక్రం తోసుకుంటూ రెండు రోజులు నడిచింది.
మూడోరోజు నా బేకరీలో కూర్చుని
కాగితం మావైపు తిప్పింది:
"మూడువందల పన్నెండో కిలోమీటరు నుంచి
రెండు కిలోమీటర్లు పట్టాలే లేవు.
కింద స్లీపర్లూ లేవు.
దొంగలెవరో తెలుసా?"

బేకరీ నిండా జనం.
పిండిమీద ఈగ వాలితే వినిపించింది.

మాకు తెలుసు.
జుబెల్దియా కొట్టానికి దూలాలేమిటో తెలుసు.
ఓఫేలియా ద్రాక్షపందిరి గుంజలేమిటో,
చర్చి గంట దేనికి వేలాడుతోందో,
బంతి తగిలితే గోలుపోస్టు
ఎందుకంత గట్టిగా మోగుతుందో.
రైలు ఆగిన తొలి మూడేళ్లు
ఎవరి బండి వాళ్లు కట్టుకుని వెళ్లాం, లాంతరు లేకుండా,
ఎదురుపడితే ఒకరికొకరం కనబడనట్టు.
ఎవరి పేరా పట్టా లేని పట్టాలు కదా అనుకున్నాం.

ముందు జుబెల్దియా లేచాడు.
"నా దగ్గర పద్దెనిమిది."
తర్వాత గండి పడ్డట్టే.
నాలుగు. ఆరు. ఒకటిన్నర, మిగతా సగం మా బావ దగ్గర.
ఫాదరు చెయ్యెత్తకుండా రెండువేళ్లు చూపించాడు.
ఎరికా రాయడం ఆపింది,
కాసేపు కిటికీలోంచి చూసింది,
మళ్లీ రాసింది.

ఏప్రిల్ అంతా ఊరు తనని తాను ఊడదీసుకుంది.
కొట్టం కప్పు దిగింది. ద్రాక్షతీగ నేలమీద పడుకుంది.
పిల్లలు చొక్కాలు కుప్పేసి
వాటి మధ్య గోలు కొడుతున్నారు.
కోసిన ముక్కలు పనికిరావని ఎరికా ముందే చెప్పింది.
అయినా తెచ్చాం.
అన్నీ కలిపి నూట అరవై మూడు.
కావలసినవి మూడువందల ముప్ఫై నాలుగు.

నా వంతు ఎవరూ అడగలేదు.
కెబ్రాచో కర్ర గొడ్డలినే విరుస్తుంది,
ఒకసారి అంటుకుంటే మాత్రం తెల్లారేదాకా ఆరదు.
రెండు చలికాలాలు నా పొయ్యి
ఆ స్లీపర్లతోనే మండింది.
ఊరంతా తిన్న రొట్టె అది,
నికాసియో కూతురికి ఆ రొట్టెతోనే పళ్లొచ్చాయి.
ఇనుము వెనక్కి తేవచ్చు.
బూడిదని ఏ ట్రాక్టరులో వేసి తేను?

రిజిస్టరులో రాశాను:
సెవెరీనో లూకా, బేకరీ. స్లీపర్లు నాలుగువందలు. రొట్టెలయ్యాయి.
ఎరికా చదివింది,
కొట్టెయ్యలేదు, కింద గీత గీసింది.

ఉత్తరం ఇంకా రాలేదు.
ఈ శనివారం ముసురు.
పందొమ్మిదిమందిమి వచ్చాం.
ఓఫేలియా గడియారానికి కీ ఇచ్చి
ఇవాళ ఏమీ అనలేదు.
గడ్డి మోకాలెత్తుంది.
ఆ చివర్నుంచి మొదలుపెట్టాం.