పటం వెనక

బెర్గెన్‌లో వాన గురించి మాట్లాడినవాడు
ఊరివాడు కాదని ఇట్టే తెలిసిపోతుంది.
నేను మాట్లాడను.
నోర్ద్‌నెస్ దిగువ వీధిలో నాది పటాలు కట్టే కొట్టు.
అద్దం, కలప, చిన్న మేకులు, గోధుమరంగు కాగితం టేపు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా
ఓడ్‌బ్యోర్గ్ గీసిన ముఖాలు
ముందు నా బల్లమీద బోర్లా పడుకుంటాయి.

ముఖం తర్వాత. ముందు వీపు.

ఆవిడ నీటిరంగుల మనిషి.
నూనెరంగులంటే పడదు.
"తప్పు చేసి, పైన ఇంకో తప్పు పూసుకోవచ్చు.
అదేం బతుకు?" అంటుంది.
ఆవిడ పెట్టెలో తెలుపు లేదు.
తెలుపంటే కాగితమే.
కంట్లో మెరుపు కావాలంటే
ఆవగింజంత చోటు ముట్టకుండా వదిలి
మొదటి తడి నుంచి చివరి తడి దాకా
దాని చుట్టూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరగాలి.
మా గాలిలో చెమ్మ ఎక్కువ.
చెంప మీద రంగు ఆరేలోపు
కూర్చున్నవాడు రెండు కాఫీలు తాగి
చెప్పకూడదనుకున్నది కాస్తా చెప్పేస్తాడు.

అదంతా బొమ్మ వెనక ఉంటుంది,
కుడి మూలన, సన్నటి పెన్సిలు రాతలో:

"టగ్‌బోటు కెప్టెను. నాలుగు రోజులు కూర్చున్నాడు.
మూడోరోజు గడ్డం గీసుకొచ్చాడు. దవడంతా మళ్ళీ మొదలు."

"పళ్ళ డాక్టరు. నోరు తెరవలేదు."

"రొట్టెల కొట్టు హ్యోర్దిస్. పోయిన మొగుడి ఫొటో
ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
ఫొటో గీయలేదు. పట్టుకున్న చేతులు గీశాను."

"ఏడేళ్ళ పిల్లాడు. కదిలాడు. కదలనిచ్చాను."

ఒకదాని మీద ఒకే మాట: "క్షమించు."
తిప్పి చూస్తే, ఎర్ర జుట్టు అమ్మాయి,
నవ్వుతోంది.
ఎవరని నేను అడగలేదు.
అడిగే పటాలవాడి దగ్గరికి ఎవరూ రెండోసారి రారు.

చదువుతాను. టేపు తడుపుతాను. అంచులు మూసేస్తాను.
"ఎండ తగలని గోడకి పెట్టండి, రంగు వెలిసిపోతుంది"
అని ప్రతివాళ్ళకీ చెబుతాను,
చెప్పడం వృత్తిధర్మం కనక.
ఈ ఊళ్ళో ఎండకి అంత తీరిక లేదు.
వాళ్ళు పండగలకి అద్దం తుడుచుకుంటారు.
వీపు వైపు ఎవరూ చూడరు.

పోయిన చలికాలం ఆవిడ వేళ్ళు బిగుసుకుపోయాయి.
కుంచె పట్టు చిక్కక దానికి
సైకిలు హ్యాండిలు రబ్బరు తొడిగింది.
"నువ్వొచ్చి కూర్చో" అంది ఒక మంగళవారం.
"నేను నీకు పడ్డ బాకీలో కొట్టేసుకో."

కూర్చున్నాను.
నా ముక్కు గురించి అంతసేపు ఆలోచించినవాళ్ళు
ఇంతవరకూ లేరు, మా అమ్మతో సహా.
మగ్గులో నీళ్ళు మొదట నా బుగ్గల రంగు,
తర్వాత నా చొక్కా రంగు,
చివరికి అందరి నీళ్ళలాగే బూడిద.
అవి తీసుకెళ్ళి కిటికీలో జెరేనియం మొక్కకి పోసింది.
దానికి ఊళ్ళో సగం మంది తెలుసు.
రెండు కాఫీలు తాగాను.
ఏమీ చెప్పలేదు.
చెప్పలేదనే అనుకున్నాను.

నిన్న ఆ బొమ్మ కొట్టుకొచ్చింది.
చేతి అలవాటు, బోర్లా పెట్టాను.

"ఇన్నేళ్ళూ ఈ మూల చదివింది ఇతనొక్కడే.
చదువుతాడని తెలిసే రాశాను.
ఎడమ కంట్లో మెరుపు దాటి కుంచె పోయింది.
బ్లేడు మొనతో గీకి వెనక్కి తెచ్చాను."

కలప కొలిచాను. కోశాను.
అర సెంటీమీటరు పొట్టి.
ఇంకో ముక్క కోశాను, అదీ అంతే.
టేపు తడిపి పక్కన పెడితే ఆరిపోయింది.
మళ్ళీ తడిపాను.

అప్పుడే గొడుగు విరిగిన టూరిస్టు ఒకడు
తలుపు తోసుకుని వచ్చి
నా చాప మీద మడుగు కట్టి నిలబడ్డాడు.
"ఇక్కడ ఎప్పుడూ ఇంతేనా?" అన్నాడు.

"ఏమిటి?" అన్నాను.