చెరిపాక, రాసేలోపు

మంగళవారం వద్దనుకున్నాను.
ఆ రోజు సాలిగ్రామంలో పొద్దున తొమ్మిది నుంచి కరెంటు కట్ అని
మెట్ల దగ్గర సుద్దముక్కతో రాసిపెట్టాడు వాచ్‌మన్.
బుధవారం వాన. గురువారం కింది వాటాలో
గ్రైండర్ ఆగలేదు, ఎవరిదో నిశ్చితార్థం.
శుక్రవారం రాత్రి పదకొండున్నరకి
వీధంతా ఒక్క ఫ్యాను చప్పుడైపోయాక
సర్వర్ ముందు చాప వేసుకుని కూర్చున్నాను.

పెద్దదేం కాదు. బియ్యం డబ్బా పక్కన ఒదిగే పెట్టె.
లోపల ఎనిమిది డిస్కులు,
వాటన్నిటి మీదా పెత్తనం చేసే ఒక కార్డు,
రిచీ స్ట్రీట్‌లో సయ్యద్ దగ్గర బేరమాడి తెచ్చింది.
ఈ మధ్య దానికి మతిమరుపు.
తెల్లవారుజామున మూడింటికి
ఐదో డిస్కుని నువ్వెవరంటుంది.
కాఫీ వేళకి మళ్లీ పలకరిస్తుంది, ఏమీ జరగనట్టు.
కొత్త ఫర్మ్‌వేర్ వేస్తే కుదురుకుంటుందన్నాడు సయ్యద్.
"కానీ అక్కా, నడుమలో కరెంటు పోతే ఇటుకే"
అని గల్లాపెట్టె మీద వేలితో కొట్టి చూపించాడు.

డిస్కుల్లో ఏముందంటే
పంతొమ్మిదేళ్లు డబ్బింగ్ థియేటర్లో కత్తిరించిన ఊపిర్లు.
మాటకి ముందు పీల్చినవి, ఏడుపు తర్వాత వదిలినవి,
టేకుకీ టేకుకీ మధ్య విశాలక్క దగ్గు,
మాట పెదవికి అందక గరుడాచలంగారు
తనలో తను అనుకున్న "ఛ".
థియేటర్ మూసేసిన రోజు
ఎవరికి దొరికిన కుర్చీ, మైకు వాళ్లు పట్టుకెళ్లారు.
నేను చెత్తబుట్ట తెచ్చుకున్నాను.

అందుకే ముందు కాపీ. ఒకటి చాలదు, రెండు.
రెండోది ఎదురింటి బీరువాలో,
సెల్వి పట్టుచీర మడతలో.
కాపీ పూర్తయిందన్న మాట నమ్మలేదు.
తెరిచి నాలుగు ఊపిర్లు విన్నాను.

తర్వాత పెట్టె ఆర్పి డిస్కుల కేబుళ్లు పీకాను.
ఆపరేషన్ తల్లికి.
పిల్లల్ని బయట కూర్చోబెట్టాలి.
ఏది ఎక్కడిదో తెలియడానికి ఒక్కో కేబుల్‌కి
ఒక బొట్టుబిళ్ల, బిళ్ల మీద అంకె.
కార్డు మీద మోడలూ, ఫైలు పేరులో మోడలూ పక్కపక్కన పెట్టి చూశాను,
ఒక్క అక్షరం తేడా వచ్చినా పరాయి గ్రూపు రక్తమే.
కార్డు వీపు మీద అంటించిన దాని చిరునామా, పదహారు గుర్తులు,
పాల లెక్క క్యాలెండర్ వెనక రాసుకుని
ఆర్టిస్టుకి అందించినట్టు పైకి చదివాను.
రెండోసారి చదివితే
బి అనుకున్నది ఎనిమిది.

పాతది చెరపనా అంది. ఊఁ అన్నాను.
ఇక్కడినుంచి ఒక్కటే నియమం:
చెరిపాక, రాసేలోపు,
దేన్నీ ఆపకూడదు, రీస్టార్ట్ మాట తలవకూడదు.
ఆ కాసేపూ కార్డుకి తన పేరు తెలియదు.
అడిగితే చెప్పేవాళ్లు లేరు,
క్యాలెండర్ తప్ప.

వీధి ఆరిపోయింది.
ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ కనబడసాగాయి.
యూపీఎస్ ఒకసారి కీచుమంది, ఇంకోసారి.
మొన్నే దానికి కొత్త బ్యాటరీ వేయించాను, అయినా
ఊపిరి బిగబట్టాను.
ఇన్నేళ్లు వేరేవాళ్ల ఊపిర్లు కత్తిరించినదాన్ని,
నాది ఎంతసేపు ఆగుతుందో ఎన్నడూ కొలవలేదు.
నలభై ఒక్క సెకన్లు.
తెర మీద ఒక్క లైను: రాయడం పూర్తయింది.
టార్చి వెలుతురులో చిరునామా కొట్టాను, ఎనిమిది దగ్గర వేలు ఆపి.

కరెంటు వచ్చేదాకా అన్నీ ఆర్పి కూర్చున్నాను.
వచ్చాక కేబుళ్లు తగిలిస్తుంటే ఐదో బొట్టు లేదు.
చాప దులిపాను, డబ్బా జరిపాను.
చివరికి నా మోచేతికి అంటుకుని ఉంది.

ఎనిమిదీ పలికాయి.
పడుకోలేదు. మూడైంది. మూడుంపావు.
ఐదో దీపం మినుకుతూనే ఉంది.
ఒక్క రాత్రికి నమ్మేయలేను కదా,
సెల్వికి చెప్పాలి,
ఇంకో నెల ఆ చీర కట్టొద్దని.