పావు అంగుళం

రాణీగంజ్‌లో అక్రిలిక్ కోసే జకీర్
నా కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
"ఏందమ్మా ఇది, చాయ్ కప్పు కింద పెట్టేదా?" అన్నాడు.
బొంతకు ఫర్మా, అన్నాను.
బొంతకు కూడా ఫర్మానా అని నవ్వి
మిషన్ మీది దుమ్ము ఊదాడు.
పక్క దుకాణంలో ఎవరి ఇంటి పేరో
అక్షరం అక్షరంగా కాలుతోంది.

ఇన్నాళ్లూ పెళ్లికార్డులతోనే గీశాను.
గట్టి అట్ట, మూలకు బంగారు వినాయకుడు.
ఇరవైసార్లు పెన్సిల్ చుట్టూ తిరిగేసరికి
ఆరు మూలలూ మొద్దుబారేవి.
అరిగిందని చేతికి తెలియదు.
అరిగినదాన్ని పెట్టి కొత్తది కోసేదాన్ని,
దాన్ని పెట్టి ఇంకోటి.
డెబ్బయ్యో ముక్క దగ్గర
బొంత నడుమ చిన్న గుట్ట లేచింది,
కింద పిల్లి పడుకున్నట్టు.
అరచేత్తో అణిస్తే పక్కకు జరుగుతుంది,
పోదు.

"నకలుకు నకలు తీస్తే గంతే బిడ్డా" అంది దస్తగిరమ్మ.
"ఎన్నిసార్లయినా అసలుదాన్నే పెట్టి గియ్యాలె."

ఆమె అసలుది ఎక్స్‌రే ఫిల్ము.
అఫ్జల్‌గంజ్‌లో బస్సు మెట్టు జారినప్పటి
కుడి మణికట్టు.
అరగదు, చిరగదు,
కింద గుడ్డ మీద పువ్వెక్కడుందో
ఎముకల సందులోంచి కనబడుతుంది.
ఒక్క మణికట్టుకు నాలుగు ఫర్మాలొచ్చాయట.
వారాసిగూడ ఆమెకొకటి, అడిక్‌మెట్ అక్కచెల్లెళ్లకు చెరొకటి ఇచ్చి
విరిగిన చోటున్నది తను ఉంచుకుంది.
కిటికీకి అడ్డం పెడితే
తెల్లటి ఎముక మీద వెంట్రుకంత నల్లగీత.

నాకివ్వమని అడిగాను.
"నీ చెయ్యి ఇరగలేదు గద, నీకెందుకు" అంది.
మా ఆడపడుచు మోకాలు అడిగాను.
ఆస్పత్రివాళ్లు దాన్ని ఫోన్‌కు పంపారట.
ఎముకలన్నీ ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నాయి,
కత్తెర పెట్టడానికి ఏమీ ఉండదు.

అందుకని రాణీగంజ్.

"రెండు గీతలున్నయి, ఏది కొయ్యాలె?"
బయటిది.
లోపలిది కుట్టుకు, బయటిది కత్తెరకు,
నడుమ పావు అంగుళం.
"అదంతా వేస్టేనా?"
కాదన్నాను. ఎట్లా చెప్పాలో తెలియలేదు.
పోయినేడు దస్తగిరమ్మ పాత బొంత
చినిగినచోట విప్పుతుంటే చూశాను:
పైన ఎండకీ సబ్బుకీ వెలిసి బూడిదైన చీర
కుట్టు మడతలో మాత్రం
కొన్ననాటి చిలకపచ్చ.
పావు అంగుళం వెడల్పున, పొడుగూతా.
ఇద్దరం కాసేపు సూది పట్టుకోలేదు.
"మదీనా కాడ కొన్న" అంది,
ఇంకేమీ చెప్పలేదు.

జకీర్ రెండొందల నలభై తీసుకున్నాడు.
బిళ్ల ఇంకా వేడిగా ఉంది.

చిలకలగూడ వెళ్లి ఆమె ముందు పెట్టాను.
తన ఫిల్మును దాని మీద పెట్టింది.
కలవలేదు.
ఒకవైపు నూలుపోగంత బయటికొచ్చింది.
నాదే తప్పనుకుని స్కేలు తీశాను.
నాది సరిగ్గా ఉంది.

దస్తగిరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని
చాలాసేపు నవ్వింది.
"కుడిచేతికి పట్టీ గద అప్పుడు,
ఎడమచేత్తోటి కోసిన."

ముప్ఫై ఏళ్లు, ఎన్ని బొంతలో,
అన్నీ ఆ ఎడమచేతి వంకరే.
ఒక్కదానిలో గుట్ట లేవలేదు.
ఫిల్ము ఒక మూలన ఎర్ర గోళ్లరంగు చుక్క ఉంది,
అందం కోసమనుకున్నాను ఇన్నాళ్లూ.
అది పైకి, ఎప్పుడూ పైకే పెట్టి గీస్తుందట.

నా బిళ్లను వేళ్లతో తడిమింది.
"మంచిగుంది. ఎట్ల తిప్పినా ఒకటే" అంది.
మెచ్చుకుందో లేదో అర్థం కాలేదు.

ఇంటికొచ్చి లైటు కింద కూర్చుని
డెబ్బయ్యో ముక్క నుంచి వెనక్కి
కుట్లు విప్పుతున్నాను.
ఏ ముక్క దగ్గర ఆగాలో తెలియడం లేదు.